నాలుగో రీలు

ఉల్లిపాయల బస్తాలకూ బంగాళాదుంపల బస్తాలకూ మధ్య కూర్చుని వచ్చింది ఆ దెయ్యం. మద్రాసు నుంచి నాలుగు రోజుల ఓడ ప్రయాణం. దీవిలోని చాథం జెట్టీలో దించేసరికి నాలుగు రేకు డబ్బాలూ తుప్పుపట్టి, పైన అంటించిన చీటీలు తడికి ఊడిపోయి, ఉల్లి వాసన కొడుతున్నాయి.

రిక్రియేషన్ క్లబ్బు సెక్రటరీ కాబట్టి సాంబశివరావే స్వయంగా వెళ్లి విడిపించుకొచ్చాడు. మద్రాసు ఏజెంటుకు ఆయన రాసింది 'కుటుంబ సమేతంగా చూడదగిన చిత్రం' కావాలని. ఏజెంటు పంపింది ఇంగ్లీషు దెయ్యం సినిమా.

"కుటుంబం ఉందిగా ఇందులో," అన్నాడు డబ్బాలతో వచ్చిన కాగితం చదివి. "భార్యాభర్తలు. భార్యకి దెయ్యం పడుతుంది, చివరికి వదిలిపోతుంది. ఇంతకంటే కుటుంబం ఏం కావాలి?"

ఆయన భార్య సత్యవాణి చేటలో బియ్యం ఏరుతోంది. "ఎవరికి పడుతుందన్నారు?"

"భార్యకి."

"అనుకున్నాను," అని ఒక రాయి తీసి పెరట్లోకి విసిరింది.

మిన్నీ బే క్వార్టర్లలో ఇంగ్లీషు సినిమా ఆడితే మాట చెప్పేది సత్యవాణి. కాకినాడలో చదివిన బి.ఏ.కి ఈ దీవిలో దొరికిన ఉద్యోగం అదొక్కటే. జీతమూ లేదు, సెలవూ లేదు. ముందురోజు ప్రొజెక్టరు పక్కన కూర్చుని సినిమా అంతా చూసి నోటుబుక్కులో రాసుకునేది. ఆట రోజున మైకు పట్టుకుని, బొమ్మ నడుస్తుండగానే తెలుగులో కథ చెప్పేది, మధ్యమధ్య హిందీ ముక్కలతో. ఇంగ్లీషు వచ్చిన ఆఫీసర్లు కూడా ఆమె చెప్పేదే వినేవారు. దొరల ఇంగ్లీషు చెవికి అందలేదని పైకి ఒప్పుకోనక్కర్లేకుండా పోయేది.

"ఒక్క సంగతి," అన్నాడు సాంబశివరావు గొంతు తగ్గించి. "ఈసారి చివర కాస్త నొక్కి చెప్పు. ఆవిడ బాగుపడి మళ్లీ సంసారంలో పడుతుందట. అది ఏడో నెంబరుకి బాగా ఎక్కాలి. చెన్నకేశవులు మరీమరీ అడిగాడు."

సత్యవాణి చేట ఆపింది.

ఏడో నెంబరంటే వీరలక్ష్మి, ట్రెజరీ గుమాస్తా చెన్నకేశవులు భార్య. నెల కిందట ఆమెకు ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్ ప్రైమరీ స్కూల్లో టీచరుగా ఆర్డరు వచ్చింది. పదిహేనో తారీకులోగా చేరాలి. చేరాలంటే ఈ సోమవారం పొద్దున్న కదిలే ఓడ ఎక్కాలి. అది తప్పితే మళ్లీ పది రోజులకు గాని ఓడ లేదు. ఆర్డరు కాగితాన్ని చెన్నకేశవులు తన ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ మర్నాటి నుంచి వీరలక్ష్మి పొద్దు వాలే వేళకు ఒక్కతే సముద్రపొడ్డుకు పోయి, యుద్ధకాలంలో జపాను వాళ్లు కట్టి వదిలేసిన సిమెంటు బంకరు మీద కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటోంది. ఒకరోజు కూరలో ఉప్పు మరిచిపోయింది. ఇంకోరోజు కూరే మరిచిపోయింది. బంకరు దగ్గర గాలి సోకిందని క్వార్టర్లన్నీ తేల్చేశాయి. ఆదివారం పొద్దున భూతవైద్యం చేసే గవరయ్య వచ్చి తీస్తాడు. మిరపకాయల పొగ, వేప బరికెలు, అవసరమైతే ఓ గుప్పెడు జుట్టు కుదుళ్లతో పెరికి చెట్టుకు మేకు కొట్టడం, ఇదీ గవరయ్య పద్ధతి.

"శనివారం సినిమా, ఆదివారం గవరయ్య," అన్నాడు సాంబశివరావు, రెండు కార్యక్రమాలూ ఒకదానికొకటి చక్కగా అమరినందుకు తృప్తిపడుతూ.

*

క్వార్టర్లు పన్నెండు. ఆరు ఇటు, ఆరు అటు. చెక్క గోడలు, రేకు కప్పు, అన్ని తలుపులకూ ఒకే ఆకుపచ్చ రంగు. కిటికీ తెరలు కూడా ఒకటే. అబర్డీన్ బజార్‌లో ఒక ఓడకి ఒక్క గుడ్డ తానే దిగితే పన్నెండిళ్లూ అదే కొన్నాయి. పొద్దున్న తొమ్మిదికి పావు తక్కువకు ఆఫీసు బస్సు హారన్ కొడుతుంది. పన్నెండుమంది మగవాళ్లు పన్నెండు క్యారేజీలతో మెట్లు దిగుతారు. పన్నెండు గుమ్మాల్లో పన్నెండుమంది ఆడవాళ్లు నిలబడతారు. నెల రోజుల నుంచి పదకొండుమంది.

గురువారం నాలుగింటికి మూడో నెంబరు శాంతకుమారి వరండాలో ఆ పదకొండుమందిలో సగం చేరారు. శాంతకుమారి కొబ్బరి కోరుతూ చెబుతోంది.

"నా కళ్లతో నేను చూశాను వదినా. చేతులు ఇలా ఇలా తిప్పుతూ, వేలు చూపించి బెదిరిస్తూ. ఎదురుగా సముద్రం తప్ప మనిషి లేడు."

"ఏ భాషలో బెదిరిస్తోంది?" అంది సత్యవాణి.

"ఏ భాషైతే ఏమిటి?"

"జపాను వాళ్ల బంకరు కదా. దెయ్యానిది జపాను భాష కావాలిగా మరి."

ఎవరూ నవ్వలేదు. శాంతకుమారి కోరాం మీద చిప్పను ఇంకాస్త గట్టిగా అదిమింది. "నీకన్నీ వేళాకోళమే. చెట్టంత మొగుణ్ణి పెట్టుకుని ఒక్కతే డిగ్లీపూర్ పోతాననే ఆడది మామూలుగా ఉన్నట్టా?"

అప్పుడే చేపల కాసులమ్మ గంప దించింది. వాళ్ల తాతలు కళింగపట్నం నుంచి వచ్చారు. ఆమె పుట్టింది ఇక్కడే, జపాను కాలం చూసింది, మందులూ దిష్టులూ పురుళ్లూ తెలిసిన మనిషి. గవరయ్య ఆమెకు మరిది. ఆమె రమ్మంటే వస్తాడు, వద్దంటే రాడు. కత్తిపీట వాల్చుకుని కూర్చుని, చేపను తోక పట్టి పొలుసు గీస్తూ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఒక్కర్తీ ఉన్నప్పుడు నవ్వుతోందేటి ఆ గుంట?"

"నవ్వుతోంది," అంది శాంతకుమారి. "అదే భయం."

"ఊఁ," అని కాసులమ్మ వేలు పోనిచ్చి చేప మొప్పలు లాగేసింది. "గవరయ్యకి సెప్పేను. ఆదోరం వొత్తాడు."

పొద్దు వాలాక సత్యవాణి బంకరు వైపు నడిచింది. దగ్గరికి వెళ్తుంటే గొంతు వినిపించింది.

"బచ్చో, శోర్ మత్ కరో! కితాబ్ ఖోలో! తుమ్, పీఛే వాలే, ఖడే హో జావో!"

వీరలక్ష్మి బంకరు మీద నిలబడి, గోల చేసే పిల్లల్ని కసిరినట్టు అలలకు వేలు చూపిస్తోంది. అడుగుల చప్పుడు విని ఉలిక్కిపడింది.

"అక్కా! భయపెట్టేశావు."

"ఊరంతా నీకు భయపడుతుంటే నువ్వు నాకు భయపడతావేం?"

వీరలక్ష్మి నవ్వి, జారిన ముడి విప్పి మళ్లీ చుట్టుకుంది. చంకలో హిందీ వాచకం ఉంది. "అక్కడన్నీ బెంగాలీ పిల్లలట. హిందీలో చెప్పాలి. నా హిందీ టమాటాలు బేరమాడటానికి సరిపోతుంది గాని, నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టడానికి చాలదు. ఇంట్లో చదివితే చప్పుడంటారు."

"ఇది పాఠమని ఆయనకి చెప్పలేదా?"

"చెప్పాను. దెయ్యం అలాగే చెబుతుందన్నారు."

అంత గట్టి వాదం సత్యవాణి కాలేజీలో కూడా వినలేదు.

"ఆదివారం ఏం చేస్తారో తెలుసా నీకు?"

"తెలుసు. మిరపకాయలు మా ఇంట్లోవే. నేనే ఎండబెట్టాను." వాచకం మూసి చెంగుతో అట్ట తుడిచింది. "పారిపోవచ్చు గదా అని నువ్వు అడుగుతావు. ఆర్డరు లేకుండా వెళితే హెడ్మాస్టరు చేర్చుకోడు. చేర్చుకోకపోతే తిరిగొచ్చేది ఇక్కడికే. ఆ కాగితం కావాలి అక్కా. కాగితం, సోమవారం ఓడ. ఇంకేమీ అక్కర్లేదు నాకు."

*

శుక్రవారం మధ్యాహ్నం క్లబ్బు కిటికీలకు దుప్పట్లు కట్టి గణేశ్వరరావు ప్రొజెక్టరు సిద్ధం చేశాడు. మెరైన్ వర్క్‌షాప్‌లో ఎలక్ట్రీషియన్. దీవిలో పుట్టిన తెలుగు కుర్రాడు. ఫిల్ముకు బూజు పట్టింది. చుట్ట విప్పుతూ, మెత్తటి గుడ్డను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, గజం గజం తుడిచాడు. తెగిన చోట టేపు అతికించాడు.

"దీదీ, నంబర్ ఏదీ లేదు వీటికి. మొదట నంబర్ రాసే తెల్లముక్క కూడా కటింగ్ అయిపోయింది. ఆడించి చూస్తేనే తెలుస్తది ఏది ఫస్టో."

నాలుగూ ఆడించి చూశారు. సత్యవాణి వరస కనిపెట్టి, నాలుగు చీటీల మీద అంకెలు వేసి, అన్నం మెతుకులతో డబ్బాలకు అంటించింది.

మొదటి రీల్లో ఒక కాలనీ. తెల్లటి ఇళ్లు, అన్నీ ఒక్కలాంటివే. పొద్దున్నే మగవాళ్లందరూ ఒకేసారి కార్లెక్కుతారు, ఆడవాళ్లందరూ ఒకేసారి చెయ్యి ఊపుతారు. గణేశ్వరరావు ఈల వేశాడు. "అరే, ఇది మన మిన్నీ బే కదా దీదీ! కార్లు ఒక్కటే ఫరక్."

రెండో రీల్లో ఆ ఇళ్లలో ఒకామె పొయ్యి మీద గిన్నె వదిలేసి చెరువు గట్టుకు పోవడం మొదలుపెడుతుంది. ఒక్కతే నవ్వుకుంటుంది. మొగుడు భయపడతాడు. మూడో రీల్లో ఆమెను గదిలో పెట్టి గడియ వేస్తారు. ఆమె చేత్తో కిటికీ అద్దం పగలగొట్టి, నెత్తురు కారుతున్న చేత్తోనే పడవ తోసుకుని చెరువులోకి పోతుంది. నాలుగో రీల్లో పట్టుకొస్తారు. చేతికి కట్టు కడతారు. డాక్టరు, పాదిరి, ఇరుగుపొరుగు ఆడవాళ్లు మంచం చుట్టూ నిలబడతారు. తలుపు మూసుకుంటుంది. మళ్లీ తెరుచుకునేసరికి ఆమె జుట్టు నున్నగా దువ్వుకుని, కట్టు కట్టిన చేత్తో కేకు పళ్లెం పట్టుకుని గుమ్మంలో నవ్వుతూ ఉంటుంది. మొగుడు కారెక్కుతాడు. ఆమె చెయ్యి ఊపుతుంది. అందరితో కలిసి, ఒకేసారి.

సత్యవాణి నోటుబుక్కులో పెన్సిలు ఆగిపోయింది. చెరువులో జుట్టు విరబోసుకున్న మనిషిని చూసి ఆమెకు భయం వేయలేదు. గుమ్మంలో నవ్వుతున్న మనిషిని చూసి వేసింది. ఆ కళ్లలో ఎవరూ లేరు.

"హ్యాపీ ఎండింగ్," అన్నాడు గణేశ్వరరావు రీలు వెనక్కి చుడుతూ.

ఇంటికి వచ్చి అన్నం వార్చింది, గంజి చెయ్యి మీద ఒలికించుకుంది. సాంబశివరావు అడిగాడు, "ఎలా ఉంది? చివర బాగుందా?"

"చాలా బాగుంది," అంది. "ఎవరూ మిగల్లేదు."

ఆయన దెయ్యాల గురించి అనుకున్నాడు.

*

శనివారం ఆరింటికే చిమ్మచీకటి. క్వార్టర్ల మధ్య ఖాళీలో రెండు గుంజలకు తెల్ల దుప్పటి బిగించి కట్టారు. ముందు చాపలు, వెనక బెంచీలు. వీరలక్ష్మిని మొదటి బెంచీలో మొగుడికీ శాంతకుమారికీ నడుమ కూర్చోబెట్టారు. పన్ను పీకించుకోవడానికి వచ్చినదానిలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాపల చివర కాసులమ్మ, కాళ్లు చాపుకుని, నోట్లో చుట్టతో.

సత్యవాణి మైకు అందుకుంది. తెల్లటి ఇళ్లు కనబడగానే నవ్వులు. "ఇది దొరల క్వార్టర్లు," అని మొదలుపెట్టింది. "రంగు మటుకు వీళ్లకి తెలుపు దొరికింది. ఈమె పేరు మనకి నోరు తిరగదు, గౌనమ్మ అనుకుందాం." రెండో రీల్లో గౌనమ్మ గిన్నె వదిలేసి పోతుంటే, గిన్నె మాడుతున్న పొగ దుప్పటంతా కమ్మింది. చాపల మీద ఆడవాళ్లు ముందుకు జరిగారు. శాంతకుమారి వీరలక్ష్మి వైపు ఒకసారి చూసి, మళ్లీ తెర వైపు చూసింది. అందరూ అదే పని చేశారు. తెరను చూడటం, మొదటి బెంచీని చూడటం. వీరలక్ష్మి మెడ కొంచెం కొంచెంగా వంగిపోయింది.

రీలు అయిపోయింది. దీపం వేశారు. గణేశ్వరరావు డబ్బాల దగ్గర వంగి నాలుక చప్పరించాడు.

"చీమలు దీదీ! మెతుకులు తినేసి చీటీలు పడేసినాయి. ఇప్పుడు ఏది?"

రెండు డబ్బాలు. ఒకదానికి అంచున సొట్ట ఉంది, అది మూడు. సొట్ట లేనిది నాలుగు. సత్యవాణికి బాగా తెలుసు. మొదటి బెంచీలో సాంబశివరావు చెన్నకేశవులు భుజం తట్టి ఏదో చెబుతున్నాడు, కాసేపాగితే చూస్తావుగా అన్నట్టు. వీరలక్ష్మి మెడ ఇంకా అలాగే ఉంది.

"అది," అని సొట్ట లేని డబ్బా చూపించింది సత్యవాణి. చూపించాక గాని తన వేలు ఎటు చూపిందో ఆమెకు తెలియలేదు.

గణేశ్వరరావు ఫిల్ము కొస పళ్లచక్రం మీదుగా దూర్చి, వదులు సరిచూసి, మూత వేశాడు.

తడిసిన బట్టలతో, కంబళి కప్పి గౌనమ్మను తీసుకొచ్చారు. "చెరువు దగ్గరే పట్టేసుకున్నారు," అంది సత్యవాణి మైకులో. గొంతు తనదే అయినా ఎక్కడో దూరం నుంచి వినపడింది. "ఇప్పుడు అందరూ కలిసి బాగుచేస్తారు. ఆమె ఏమంటోందో ఎవరూ అడగలేదు. అడిగితే దెయ్యం మాట్లాడుతుందని వాళ్ల నమ్మకం." తలుపు మూసుకుంది, తెరుచుకుంది. కేకు పళ్లెం. నవ్వు. చెయ్యి ఊపడం. వెనక బెంచీల్లో చప్పట్లు. దుప్పటి మీద పెద్ద అక్షరాలు పడ్డాయి, ఈ దీవిలో ఇంగ్లీషు రానివాడికి కూడా తెలిసిన రెండు మాటలు: ది ఎండ్.

జనం లేచారు. సాంబశివరావు చేతులు దులుపుకున్నాడు.

"కూర్చోండి," అంది మైకు. "అది గౌనమ్మ వాళ్లాయన అనుకున్న ముగింపు. ఇంకో రీలు ఉంది."

లేచినవాళ్లు లేచినట్టే కూలబడ్డారు. గణేశ్వరరావు నోరు తెరిచి సత్యవాణిని చూశాడు. ఆమె సొట్ట డబ్బా అతని చేతిలో పెట్టింది. అతను నోరు మూసుకుని పనిలో పడ్డాడు.

ఆ రీలుకు ఆమె ఎక్కువ మాట్లాడలేదు. "బాగుచేశాం అనుకున్నారు. నవ్వింది కదా, చెయ్యి ఊపింది కదా. చూడండి," అని వదిలేసింది. గడియ వేసిన గది. పగిలిన అద్దం. ఒక పిల్ల కెవ్వుమంది. చెయ్యి నుంచి నెత్తురు కారుతుండగా గౌనమ్మ గట్టు దిగి, పడవ తోసి, ఎక్కి, తెడ్డు వేసింది. మంచులో పడవ చిన్నదైపోయింది. ఫిల్ము కొస తెగి చక్రానికి టపటపా కొట్టుకుంటూ ఉంటే, తెల్ల దుప్పటి ఖాళీగా వెలుగుతూ నిలిచింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు. వీరలక్ష్మి తల ఎత్తి ఖాళీ దుప్పటినే చూస్తోంది.

చెన్నకేశవులు ప్రొజెక్టరు దగ్గరికి వచ్చాడు. మంచివాడే, స్టవ్ వెలిగించడం రాదు, మనసులో మాట దాచడం రాదు. "వదినగారూ, తీయించినా మళ్లీ వస్తుందా?"

"సినిమాలో వచ్చింది."

"అయితే రేపు గవరయ్య..."

"నేను సినిమా మటుకే చెప్పగలను కేశవులుగారూ."

సాంబశివరావు కాగితం తీసి దీపం దగ్గర పెట్టి చూశాడు. "ఇందులో అలా లేదే!"

"ఆ కాగితం రాసింది ఏజెంటు," అంది సత్యవాణి మైకు తీగ చుడుతూ. "మనం కుటుంబ చిత్రం అడిగితే ఇది పంపిన ఏజెంటు."

*

ఆదివారం పదింటికి కాసులమ్మ ఒక్కతే వచ్చింది. గంప లేదు. తల దువ్వుకుని, ఉతికిన కోక కట్టుకుంది. క్వార్టర్లన్నీ ఏడో నెంబరు ముందు చేరాయి. వరండాలో ఒక చేటలో మిరపకాయలు, పక్కన వేప బరికెలు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. సత్యవాణి గేటు దగ్గరే ఆగిపోయింది. తను చేసిన పని పనికిరాకపోగా, భయం పెరిగి దెబ్బలు రెట్టింపవుతాయేమోనని అక్కడి నుంచే బరికెలు లెక్కపెట్టింది.

"గవరయ్య ఏడీ?" అన్నాడు చెన్నకేశవులు.

"రాడు. నానొద్దన్నాను."

కాసులమ్మ వీరలక్ష్మిని పీట మీద కూర్చోబెట్టింది. కనురెప్పలు ఎత్తి చూసింది. మణికట్టు పట్టుకుంది. అరచేయి వాసన చూసింది. చాలాసేపు కళ్లు మూసుకుంది.

"ఇది నేల గాలి కాదు. నీటి గాలి," అంది చివరికి. "బరికెలకి లొంగదు. పొగెడితే మరీ మొండికేత్తాది. రాత్రి బొమ్మలో సూసేరు గదా అందరూ? నీళ్ల మీద వొచ్చింది నీళ్ల మీదే పోవాల. ఎక్కడికి పోతానంటోంది ఇది?"

చెన్నకేశవులు మిరపకాయల చేట పక్కకు జరిపాడు. "డిగ్లీపూర్."

"అక్కడికే పంపు. ఓడెప్పుడు?"

"రేపు."

"మంచిది. దినం కలిసొచ్చింది."

"ఎన్నాళ్లు?"

"అది సల్లబడేదాకా. తనంతట తనొత్తే రానీ. నువ్వు పోయి లాక్కొచ్చేవో, ఆ బొమ్మలో సూసేవు గదా." వేలితో అద్దం పగిలినట్టు సైగ చేసింది. "ఇంకోటి. దీన్ని పట్టుకునొచ్చిన కాగితం ఏదో ఉన్నాదట. ఏదది?"

"ఆఫీసు సొరుగులో పెట్టాను."

"ఓలమ్మ! సర్కారు కొలువులో ఎట్టేవా? అదక్కడుంటే ముందు నీ కొలువే ఊడదీత్తాది. పోయి పట్టుకురా. దాంతోటే పోవాల అది కూడా."

చెన్నకేశవులు చెప్పులు లేకుండానే సైకిలెక్కాడు. ఆదివారం పూట కాపలావాడిని లేపి, తాళాలు తీయించి, గంటలో తిరిగొచ్చాడు. కాగితాన్ని వేలి చివర్లతో పట్టుకుని తెచ్చాడు. కాసులమ్మ దాన్ని పసుపు గుడ్డలో మూట కట్టి వీరలక్ష్మి కొంగుకు ముడివేసింది. వీరలక్ష్మి తల ఎత్తలేదు. ముడి మీద చెయ్యి మాత్రం పడింది.

జనం విడిపోయాక కాసులమ్మ పసుపు చేతులు కడుక్కోవడానికి సత్యవాణి పెరట్లోకి వచ్చింది. సత్యవాణి చెంబుతో నీళ్లు పోసింది.

"నాకు ఇంగిలీసు రాదమ్మా వాణమ్మా," అంది కాసులమ్మ చేతులు రుద్దుకుంటూ. "సూడ్డమొచ్చు. కేకు పట్టుకున్నప్పుడు సేతికి కట్టుంది. ఆ తరవాత గదా కిటికీ బద్దలుకొట్టి సెయ్యి కోసుకున్నాది. కట్టు ముందొచ్చి దెబ్బ తరవాత తగిలిందేటమ్మా?"

చెంబు నుంచి పడే నీళ్లు ఆగిపోయాయి.

"పొయ్యి, పొయ్యి. సగం కడిగేసి వదిలేత్తావేటి?"

సత్యవాణి పోసింది. "మరి ఎందుకు చెప్పలేదు?"

కాసులమ్మ తడి చేతులు కోక కుచ్చిళ్లకు తుడుచుకుని, నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది. పాపిడికి పక్కగా పావలా కాసంత చోట జుట్టు మొలవలేదు.

"పద్దెనిమిదో ఏట నాకు తీసేరు. మా మావ. పడవ నడపడం నేర్సుకుంటానన్నాను, అదీ నా గాలి. అప్పట్నించి బాగున్నాను. అందరూ అదే అంటారు." జుట్టు సరిచేసుకుంది. "రేపొచ్చి దాన్ని నానే ఓడెక్కిత్తాను. దారిలో నోరిప్పకూడదని సెప్పు. నవ్వేత్తే మొత్తం పాడైపోద్ది."

*

సాయంత్రం వీరలక్ష్మి ట్రంకు పెట్టె సర్దుతుంటే సత్యవాణి జరిగినదంతా చెప్పింది. రీళ్ల సంగతి, కట్టు సంగతి. వీరలక్ష్మి సంతోషిస్తుందనుకుంది. ఆమె మడత పెడుతున్న చీర మంచం మీద పడేసింది.

"అంటే నేను పాఠం చెప్పగలను కాబట్టి వెళ్లడం లేదు. దెయ్యం పట్టింది కాబట్టి పంపుతున్నారు."

"అవును."

"సెలవులకి వస్తే శాంతకుమారి తన పిల్లల్ని లోపలికి లాక్కుంటుంది. జీతం పంపినా దెయ్యం జీతమంటారు."

"అంటారు. తీసుకుంటారు."

"నవ్వించకు అక్కా."

"నవ్వించడం లేదు. నా చేతిలో ఉన్నది రెండు డబ్బాలు. అంతకంటే ఏమీ లేదు."

వీరలక్ష్మి మంచం పట్టె మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి, పసుపు మరకలు పడిన కాగితం చదువుకుంది. తన పేరు, స్కూలు పేరు, తారీకు. కింద ఎవరిదో సంతకం. మళ్లీ మడిచి ముడి వేసుకుంది. ఈసారి ఇంకాస్త గట్టిగా. లేచి చీర అందుకుంది.

వంటింట్లో చెన్నకేశవులు స్టవ్ వెలిగించడం నేర్చుకుంటున్నాడు. మూడో పుల్ల ఆరిపోయిన చప్పుడు వినిపించింది.

*

ఫీనిక్స్ బే జెట్టీకి క్వార్టర్లన్నీ తరలివచ్చాయి. దెయ్యాన్ని సాగనంపడం రోజూ దొరికే వేడుక కాదు. ఓడ నిండా బియ్యం బస్తాలు, కోళ్ల బుట్టలు, ఉత్తరాదికి పోయే బెంగాలీ కుటుంబాలు. చెన్నకేశవులు ట్రంకు పెట్టె తనే భుజాన పెట్టుకుని ఓడకు వేసిన చెక్క పలక మీదుగా ఎక్కించి దిగివచ్చాడు. కాసులమ్మ నియమాలు పొద్దున్నే అందరికీ వినిపించేలా చెప్పింది: గుమ్మం దాటింది మొదలు మాట్లాడకూడదు, ఓడ కూత వేసేదాకా వెనక్కి చూడకూడదు.

వీరలక్ష్మి మాట్లాడలేదు. ఒడిలో వేపాకు, కొంగున మూట, నుదుటిన చారెడు పసుపు. దారిలో ఎవరెవరో ఆగి చూశారు, పిల్లలు వేళ్లు చూపించారు. ఆమె నేలను చూస్తూ నడిచింది. పలక ఎక్కేటప్పుడు మాత్రం సత్యవాణి చేతిని ఒకసారి, ఎవరికీ కనబడకుండా, నొప్పి పుట్టేలా నొక్కి వదిలింది.

పైకి వెళ్లి అవతలి కమ్మీ దగ్గర, జెట్టీకి వీపు పెట్టి నిలబడింది. మోకులు విప్పారు. ఓడకూ జెట్టీకీ మధ్య పచ్చటి నీళ్లు ముందు జానెడు, తర్వాత బారెడు వెడల్పయ్యాయి. ఓడ పొడుగ్గా కూత వేసింది. కోళ్లు గోలపెట్టాయి.

"ఇక చూడొచ్చా కాసులమ్మా?" అన్నాడు చెన్నకేశవులు.

"కూతేసింది గదా. సూడొచ్చు."

అతను జెట్టీ అంచుకు పరిగెత్తాడు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "లక్ష్మీ! ఇక చూడొచ్చట!" అని అరిచాడు.

ఆ వీపు కదల్లేదు.

"లక్ష్మీ! అయిపోయిందట! ఇటు చూడు!"

గాలికి ఆమె కొంగు ఎగిరింది. చెయ్యి వెనక్కి వచ్చి దాన్ని పట్టుకుని, లాక్కుని, నడుములో దోపుకుంది. అంతే. ఆమె ఒడిలోని వేపాకు ఒక్కొక్క రెబ్బా తీసి కమ్మీ అవతలికి వదలడం జెట్టీ మీదికి కనబడింది. ఓడ రేవు మలుపు దగ్గర పక్కకు ఒరిగి ఉత్తరానికి తిరిగింది.

చెన్నకేశవులు చెయ్యి ఇంకా పైకే ఉంది. సత్యవాణి వైపు తిరిగాడు. అర్థం కానిది తెలుగులో చెప్పేది ఆమే కదా.

"ఇంజను చప్పుడు కదా వదినగారూ. వినపడి ఉండదు."

సాంబశివరావు, శాంతకుమారి, అందరూ ఆమెనే చూస్తున్నారు. అవునంటే చాలు.

"వినపడింది," అంది సత్యవాణి.